పదకొండు ఎడమ చేతులు

ఆ ఎండాకాలమంతా మా ఎక్స్‌రే సెంటర్లో ఏసీ పనిచేయలేదు. బాగుచేయించమని డాక్టరుగారికి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టిందే తప్ప ఆయన చెవికెక్కలేదు. ఎక్కడానికి ఆయన అక్కడ ఉంటే కదా. రెండు రోజులకోసారి వచ్చేవారు, నేను పేర్చిపెట్టిన రిపోర్టుల మీద టకటకా సంతకాలు గీకేవారు, ఇంత ఉక్కలో ఎలా కూర్చుంటున్నావమ్మా అని నామీద జాలిపడి వెళ్ళిపోయేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. పద్నాలుగేళ్ళుగా ఊపిరి పీల్చండి, బిగబట్టండి, వదలండి అని జనానికి చెబుతున్నదాన్ని, ఆయన ముందు మాత్రం నోరెత్తేదాన్ని కాదు.

పిన్ని మా సెంటరుకి రావడం మొదలుపెట్టింది ఆ ఉక్కలోనే. ఆవిడ అసలు పేరు నాకు ఇప్పటికీ తెలీదు. కూరగాయల కొట్టువాడి దగ్గర్నుంచి బస్టాండులో కండక్టర్ల దాకా అందరికీ పిన్నే. ఇల్లు గడవనివాళ్ళ దగ్గరికి వెళ్ళి, మీ ఆడపిల్లలకు దూరపు నగరాల్లో పని ఇప్పిస్తానని చెప్పేది. ఇళ్ళల్లో పని, బట్టల మిల్లుల్లో పని. నెమ్మదిగా మాట్లాడేది. ఎవరింట్లో ఎవరికి జ్వరం వచ్చినా గుర్తుపెట్టుకుని వారం తర్వాత కూడా అడిగేది. చూడగానే చెడ్డమనిషిలా ఉండి ఉంటే నాకెంత సుఖంగా ఉండేదో.

పద్దెనిమిది నిండితే తప్ప అలాంటి పనులకు పంపకూడదని రూలు. పుట్టిన తేదీ కాగితం లేనివాళ్ళకు ఎడమ మణికట్టుకి ఎక్స్‌రే తీయించాలి. ఎదిగే వయసులో ఎముక చివర ఒక నల్లటి గీత ఉంటుంది. ఎదగడం ఆగాక ఆ గీత పూడుకుపోతుంది. గీత కనబడకపోతే మనిషి పెద్దదైనట్టు. ఆ ఫిల్మూ, డాక్టరు సంతకమూ చూపిస్తే లేబరాఫీసు వాళ్ళు ఇంకేమీ అడగకుండా స్టాంపు వేసేస్తారు.

మొదటిసారి చేసినది నిజంగా పాపమేమీ కాదు. ఇప్పటికీ ఆ మాటమీదే ఉన్నాను. ఆ వచ్చినావిడ ఇద్దరు పిల్లల తల్లి, జ్వరంతో చెయ్యి వణికిపోతోంది. నాలుగుసార్లు తీస్తే నాలుగూ మసకగానే వచ్చాయి. బయట బస్సు కదిలిపోయే వేళయింది. చూస్తేనే తెలుస్తోంది కదమ్మా పెద్దమనిషని, ఫిల్ము ఎవరిదైతే ఏంటి అంది పిన్ని. నాకూ అందులో తప్పు కనబడలేదు. నా ఎడమ చెయ్యి ప్లేటు మీద పెట్టి, స్విచ్చి ఎక్కడుందో పిన్నికి చూపించి నొక్కమన్నాను. నొక్కింది. పేరు మాత్రం ఆవిడది కొట్టాను.

రెండోసారి వచ్చిన అమ్మాయి పద్దెనిమిదికి అటో ఇటో ఉంది. మళ్ళీ తీయడమెందుకమ్మా, ఆ పాతది మెషిన్లో ఉందిగా అంది పిన్ని. ఉంది. పేరూ తేదీ మారిస్తే సరిపోయింది, చెయ్యి పెట్టాల్సిన శ్రమ కూడా లేకపోయింది. ఆ తర్వాత మూడో అమ్మాయి, నాలుగో అమ్మాయి. వాళ్ళ చేతులు నేను తాకను కూడా లేదు. బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఫిల్ము కవర్లో పెట్టి ఇచ్చేసేదాన్ని.

ఎందుకు చేశావని అడిగితే చెప్పడానికి నాకు గొప్ప కారణమేమీ లేదు. మా ఆయన వ్యాను ఆరునెలలుగా ఇంటిముందు ఎండకు ఎండుతూ ఉండేది, ఆయన దాని పక్కన కూర్చుని బీడీలు కాలుస్తూ ఉండేవాడు. పిన్ని వచ్చాక వ్యానుకి వారానికి రెండు ట్రిప్పులు దొరికాయి. మేడమీద గది ఖాళీగా ఉంటే, ప్రయాణానికి ముందు అమ్మాయిలు ఒక పూట ఉండడానికి మా అత్తగారి దగ్గర అద్దెకు తీసుకుంది. ముగ్గురం ఉండే ఇంట్లో ముగ్గురికీ ఆవిడే పని చూపించింది. ఇంట్లో పోట్లాటలు తగ్గాయి. ఆ నిశ్శబ్దం నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

వేసవి సగంలో పిన్ని ఒక పిల్లను తెచ్చి మేడమీద దించింది. కాగితాల్లో ఏదో తేడా వచ్చిందట, నాలుగు రోజుల్లో పంపిస్తానంది. ఆ నాలుగు తొమ్మిదయ్యాయి. మిగతావాళ్ళు మొహాలు కూడా గుర్తుండకుండా వెళ్ళిపోయేవారు. ఈ పిల్ల అలా కాదు. లేచింది మొదలు ఈల వేసేది. బట్టలు ఉతుకుతూ ఈల, మెట్లు ఊడుస్తూ ఈల. రేడియోలో ఒకసారి విన్న పాటను రెండోసారికి అచ్చంగా దించేసేది. ఆడపిల్ల ఈలేమిటే అని మా అత్తగారు మొదటిరోజు కసిరింది. మూడోరోజుకి రేడియో కట్టేసి, ఇందాకటి పాట వెయ్యవే అని అడిగి మరీ వేయించుకుంది. ఈలపిల్ల అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

మా అత్తగారు ఒక్క మంచిమాటకు కూడా లెక్క చూసుకునే మనిషి. పదిహేనేళ్ళలో నన్ను మెచ్చుకున్న పాపాన పోలేదు. అలాంటిది ఆ పిల్లను ముందు కూర్చోబెట్టుకుని చిక్కులు తీసి జడ వేస్తుంటే, నవ్వాలో కుళ్ళుకోవాలో నాకు తెలియలేదు. వయసెంతే అంటే పిల్ల పంతొమ్మిది అనేది. ఏ నెలలో పుట్టావంటే పంతొమ్మిది అనేది. మీ ఇంట్లో ఎంతమందే అంటే ఆరుగురం అని, అంతలోనే అనుమానమొచ్చి నావైపు తిరిగి, "అక్కా, అది చెప్పొచ్చా?" అని అడిగింది.

"ఇది పంతొమ్మిదైతే నేను పదహారు" అంది మా అత్తగారు. ఆ రాత్రి వంటకు కూరలు తరుగుతూ, పిల్లను నువ్వే స్వయంగా మెషిన్లో పెట్టి సరిగ్గా చూడమ్మాయ్ అని నాకు చెప్పింది.

మర్నాడు పొద్దున పిల్లను నాతో సెంటరుకి తీసుకెళ్ళాను. అదృష్టమో ఖర్మో డాక్టరుగారు కూడా అప్పుడే దిగారు. నిజంగానే దాని చెయ్యి ప్లేటు మీద పెట్టి, వేళ్ళు విడదీసి సర్ది, నిజంగానే తీశాను. తెరమీద బొమ్మ రాగానే పిల్ల నా భుజం మీదుగా తొంగి చూసి, ఇది నా లోపలి చెయ్యా అని మురిసిపోయి ఎముకలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను లెక్కపెట్టాల్సిన అవసరం లేకపోయింది. మణికట్టు దగ్గర, పిడికిలి దగ్గర, ప్రతి ఎముక చివరా నల్లగీత స్పష్టంగా ఉంది. పద్నాలుగు. కాస్త అటూ ఇటూ అన్నా పదిహేను దాటదు.

పిల్లను బయట కూర్చోమని, ఫిల్ము లైటుపెట్టెకు తగిలించి డాక్టరుగారిని పిలిచాను. ఏమంటారో చూడాలనుకున్నాను. ఈయన ఒక్కడు కాదంటే చాలు, తప్పు నా చేతిలోంచి జారిపోతుందని ఆశపడ్డాను. ఆయన చూశారు. నిజంగానే కళ్ళజోడు సర్దుకుని మరీ చూశారు. తర్వాత గడియారం చూసుకున్నారు.

"ఆ పాత ఫిల్ము బాగానే ఉంటోంది కదమ్మా. అదే పెట్టెయ్. ఇది తీసేసెయ్."

అన్ని వారాలుగా ఆయనకు ఏమీ తెలియదనుకున్నాను. సంతకాలు చూడకుండా పెడతారని నేనే ఆయన్ని మనసులో తిట్టుకునేదాన్ని. చూసే పెడుతున్నారు మహానుభావుడు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కానీ ఏం చేశాను? చెప్పినట్టే చేశాను. పిల్ల చేతిబొమ్మ చెరిపేసి, నా చేతిబొమ్మ మీద దాని పేరు కొట్టి ఇచ్చాను.

ఇంటికి రాగానే మా అత్తగారు గుమ్మంలోనే ఆపి, చూశావా అంది. చూశానన్నాను. ఎంతట అంది.

"పంతొమ్మిదే అత్తయ్యా."

ఆవిడ నా మొహంలోకి ఒక క్షణం చూసి నమ్మేసింది. అయితే తిండిలేక ఎదగలేదన్నమాట పాపం అని, ఆ పూట పిల్ల కంచంలో తన వాటా కూడా వేసింది. నేను తలొంచుకుని తిన్నాను. 

మా ఆయనతో ఆ రోజే గొడవపడ్డాను. ఆయన వ్యాను కడుగుతున్నాడు, నేను పంపు కట్టేసి ఎదురుగా నిలబడ్డాను. అది చిన్నపిల్ల, దాన్ని తీసుకెళ్ళొద్దన్నాను. మరి కాగితంలో పంతొమ్మిదని ఉందే అన్నాడు. ఆ కాగితం నేనే రాశానని మీకు తెలీదా అన్నాను. తెలుసన్నాడు.

"నువ్వు రాస్తావు, డాక్టరు సంతకం పెడతాడు, ఆఫీసువాడు స్టాంపు వేస్తాడు. అంతా అయ్యాక బండి దగ్గరికొచ్చి నన్ను ఆగమంటే ఎలా? ఎక్కించమన్న చోట ఎక్కిస్తాను, దించమన్న చోట దించుతాను. నాకేం తెలుసు?"

"దించిన చోటు ఎలా ఉంటుందో చూశారుగా. మిల్లేనా అది?"

 ఆయన పంపు మళ్ళీ తిప్పి, కడిగిన చక్రాన్నే మళ్ళీ కడిగాడు. ఎదురు అరిచినా బాగుండేది. ఆయనకు తెలుసు. ఎంత తెలుసో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పిల్ల వెళ్ళిన రోజు నేను పని ఉందని చెప్పి ముందే సెంటరుకి వెళ్ళిపోయాను. పనేమీ లేదు. తుడిచిన బల్లనే తుడుస్తూ కూర్చున్నాను. పిల్ల ముందుసీట్లో కూర్చుంటానని పట్టుబట్టిందనీ, వీధి మలుపు దాకా హారను తనే నొక్కిందనీ సాయంత్రం మా అత్తగారు నవ్వుతూ చెప్పింది. ఆ తర్వాత చాలాసేపు రేడియో పెట్టలేదు ఆవిడ.

నాలుగు వారాలు గడిచాయి. ఒక గురువారం పోలీసు ఇన్‌స్పెక్టరు ఒకావిడ మా సెంటరుకి వచ్చింది. లోపలికి వస్తూనే, ఇక్కడ ఫ్యాను కూడా సరిగ్గా తిరగదా అని విసుక్కుంది. ఆవిడ విసుగు చూస్తే నాకు నా విసుగే గుర్తొచ్చింది. చేతిలో పెద్ద కవరు ఉంది. దూరపు నగరంలో ఒక మేడ మీద దాడి చేస్తే పదకొండుమంది అమ్మాయిలు దొరికారనీ, పైన మిల్లు బోర్డు ఉంది గానీ లోపల ఒక్క మిషనూ లేదనీ, తలుపులకు బయటినుంచి గొళ్ళేలు మాత్రం ఉన్నాయనీ చెప్పింది. అమ్మాయిలందర్నీ మన ఊరి మహిళా సదనానికి తీసుకొచ్చారట. చూస్తే సగంమంది చిన్నపిల్లల్లా ఉన్నారట.

"కానీ కాగితాలు మాత్రం ఎంత చక్కగా ఉన్నాయో చూడండి. అందరూ పెద్దవాళ్ళే. మళ్ళీ ఎక్స్‌రే తీయిద్దామంటే, ఒకసారి తీశాక మళ్ళీ ఎందుకు, పాతదాంట్లో తప్పేంటో చూపించండి అంటోంది కోర్టు. పెద్దవాళ్ళయితే వాళ్ళని ఆపే హక్కు నాకు లేదు. చుట్టాలమని ఎవరైనా వచ్చి, ఈ అమ్మాయిలు సరేనని సంతకం పెడితే వెళ్ళిపోతారు. భయంతో ఎవరేమన్నా సరేనంటున్నారు వీళ్ళు."

చెబుతూనే కవరు విప్పి ఫిల్ములన్నీ లైటుపెట్టెకు వరసగా తగిలించింది. స్విచ్చి నేనే వేశాను.

పెళ్ళయిన రెండో ఏట తడిమెట్ల మీద జారి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకున్నాను. కట్టు కట్టారు, అతికింది. కానీ చిటికెనవేలి వైపు మణికట్టు చివర బియ్యపుగింజంత ముక్క అతుక్కోకుండా విడిగా ఉండిపోయింది. నొప్పి లేదు, ఏమీ లేదు, దాన్ని నేను ఏనాడో మర్చిపోయాను. వయసు ఫిల్ముల్లో మేం చూసేది గీతనే. గీత ఉందా లేదా, అంతే. మిగతా ఎముకల జోలికి ఎవరూ పోరు, నేనూ పోలేదు. ఇప్పుడు పదకొండు ఫిల్ములు ఒకేసారి వెలిగేసరికి పదకొండింట్లోనూ అదే చోట అదే గింజ కనబడింది. పదకొండుమంది అమ్మాయిలూ ఒకే మెట్టు మీద జారిపడ్డారన్నమాట. 

ఇన్‌స్పెక్టరు కూడా వాటివైపే చూస్తోంది. ఆవిడకు ఎముకలు కనబడుతున్నాయి గానీ ఏం చూడాలో తెలీదు. చివరినుంచి రెండో ఫిల్ము మీద ఈలపిల్ల పేరుంది. నా చేత్తో కొట్టిన పేరు.

"వీటిలో మీకేమైనా తేడా అనిపిస్తోందా?" అని అడిగింది ఇన్‌స్పెక్టరు.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఇంకేం కావాలి? మనిషి ఎదురుగా ఉంది, వెలుగు వెనకే ఉంది. నేను నీళ్ళు నమిలి, సంతకం డాక్టరుగారిది కదా మేడమ్, ఆయన్నే అడగండి అన్నాను. ఆవిడ నిట్టూర్చి ఫిల్ములన్నీ తీసి కవర్లో పెట్టుకుని వెళ్ళిపోయింది.

డాక్టరుగారికి ఫోను చేస్తే కంగారు పడకమ్మా అన్నారు. మర్నాడు పొద్దున్నే మెకానిక్కు వచ్చాడు. ఎండాకాలమంతా మొత్తుకున్నా రాని ఏసీ మెకానిక్కు. వాడితోబాటు ఇంకొకడు వచ్చి, మెషిన్లో పాత బొమ్మలు ఎక్కువైపోయాయని మొత్తం తుడిచేశాడు. మధ్యాహ్నానికి గది చల్లగా అయింది. 

ఇంట్లో చెప్పాను, ఈలపిల్ల సదనంలో ఉందని. ఎలాంటి చోట దొరికిందో మా అత్తగారికి చెప్పలేదు. అయితే మన ఇంటికి తీసుకొచ్చెయ్యండి, వాళ్ళెవరి దగ్గరో ఎందుకు అని ఆవిడ అప్పుడే మేడమీద గది కడగడానికి బకెట్టు పట్టుకుని వెళ్ళింది. ఆవిడ మెట్లెక్కగానే మా ఆయన నావైపు తిరిగాడు. ఈసారి వాదించలేదు, బతిమాలాడు.

"నువ్వు నోరు తెరిస్తే లోపలికి పోయేది పిన్ని కాదు, నేను. నీ ఇష్టం మరి."

ఒళ్ళు మండిందంటే, ఆయన చెప్పింది నిజమైనందుకు మండింది. అప్పుడు నా బుర్రకు ఒక తెలివైన ఆలోచన వచ్చింది. పిల్ల బయటపడాలి, మా పేర్లు బయటపడకూడదు. అందరి ఆశా అదే. డాక్టరుకి ఆయన సెంటరు మిగలాలి, మా ఆయనకు వ్యాను మిగలాలి, నాకు మా ఆయన మిగలాలి, వీటన్నిటితోబాటు పిల్ల కూడా మిగలాలి.

శుక్రవారం సాయంత్రం ఎవరిదో ఫోను అడిగి స్టేషనుకి చేశాను. ఆ ఫిల్ములన్నీ ఒకే మనిషివి, సరిగ్గా చూడండి అన్నాను. అవతలి మనిషి ముందు పేరు చెప్పమన్నాడు. చెప్పనన్నాను. అయితే ఏ ఏరియానో చెప్పమన్నాడు. సదనం ఉన్న ఏరియా అంటే, అది మాది కాదు ఫలానా స్టేషను అన్నాడు. అక్కడికి చేస్తే, కేసు కట్టింది వాళ్ళు కదా వాళ్ళకే చెప్పండి అన్నారు. శనివారం పొద్దున ఉత్తరం రాసి నేనే మొదటి స్టేషనుకి పట్టుకెళ్ళాను. కౌంటరు దగ్గర కూర్చున్నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, కింద సంతకమేది అన్నాడు. సంతకం లేని అర్జీకి నంబరు వేయడం కుదరదట. నంబరు లేకపోతే పైకి పంపడం కుదరదట. నా చేతికే తిరిగిచ్చాడు. నిన్నగాక మొన్నటిదాకా దొంగ కాగితాలన్నీ ఈ ఆఫీసుల్లో జారుడుబండ మీద జారినట్టు జారిపోయాయి. ఒక్క నిజం కాగితం పట్టుకెళితే దానికి నంబరు లేదు.

అక్కణ్ణుంచి సదనానికి నడిచాను. గేటు దగ్గర ఒక ముసలావిడ ఊలు అల్లుతూ కూర్చుంది. ఒక పిల్లను చూడాలంటే, చుట్టాలైతేనే లోపలికి పంపుతామంది. నువ్వేమవుతావని అడిగింది. పిన్నినని అంటే పోయేది, మేనత్తనంటే పోయేది. అన్ని అబద్ధాలు ఆడిన నోటికి ఆ ఒక్కచోటే నిజం చెప్పాలన్న బుద్ధి పుట్టింది. ఏమీ కానన్నాను. అయితే పోయి సోమవారం ఆఫీసు తెరిచాక రా అంది. గోడ అవతల ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినబడింది. కాసేపు నిలబడి విని, ఎండ భరించలేక వెనక్కి వచ్చేశాను.

ఆదివారం ఆఫీసులన్నీ మూసేశారు. మా ఆయన రోజంతా నా వెనకే తిరిగాడు, నేను వంటింట్లోకి వెళితే వంటింట్లోకి, పెరట్లోకి వెళితే పెరట్లోకి. పిన్ని ఫోను ఎత్తడం మానేసింది. సాయంత్రం చూసుకుంటే నాకే చీదరేసింది. మూడు రోజులు కాళ్ళరిగేలా తిరిగానని అనుకుంటున్నాను గానీ, తిరిగిందంతా ఆ ఒక్క మాట చుట్టూతానే.

సోమవారం పొద్దున ఇన్‌స్పెక్టరు గది తెరవకముందే వెళ్ళి బయట బల్ల మీద కూర్చున్నాను. ఆవిడ వచ్చి, నన్ను గుర్తుపట్టి, ఏంటమ్మా అంది. జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని ఎడమ చెయ్యి ఆవిడ బల్ల మీద పెట్టాను.

"ఆ పదకొండు చేతులూ ఇదే మేడమ్."

ఆవిడకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఫిల్ములు తెప్పించింది. ఆ గింజ ఎక్కడుందో చూపించాను. ఒక్కొక్కటీ కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తూ, ఆఖరిదాకా వచ్చేసరికి ఆవిడ మొహం ఎర్రబడింది. నన్ను తిట్టలేదు. వెంటనే జీపెక్కించి సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్ళింది. అక్కడి కుర్చీలో కూర్చుని, వేళ్ళు విడదీయమ్మా, కదలకు అని ఇంకొకరు చెబుతుంటే విన్నాను. ఫిల్ము వచ్చింది. పన్నెండోది కూడా అచ్చం అలాగే ఉంది.

తర్వాత రెండు గంటలు చెబుతూ పోయాను, పక్కన ఒకాయన రాసుకుంటూ పోయాడు. స్విచ్చి నొక్కిందెవరు, సంతకం ఎవరిది, గది ఎవరిది, వ్యాను ఎవరిది. వ్యాను దగ్గరకొచ్చేసరికి మంచినీళ్ళు అడిగాను. ఇచ్చారు. తాగి, మా ఆయన పేరు చెప్పాను.

అందరికీ మళ్ళీ ఎక్స్‌రేలు తీయించడానికి ఇప్పుడు ఎవరూ అడ్డుచెప్పలేరంది ఇన్‌స్పెక్టరు. సదనానికి ఫోను చేసి పేర్లు ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. నేను ఎదురుగా కూర్చుని వింటున్నాను. మొదటి పేరు, రెండో పేరు. అన్నీ నేను కొట్టిన పేర్లే కాబట్టి అన్నీ గుర్తున్నాయి. ఎనిమిదో పేరు రాశాక ఆవిడ కలం ఆగింది. మిగతావాళ్ళు, అంది ఫోన్లో. అవతల ఏదో చెప్పారు. ఆవిడ కళ్ళు మూసుకుని విని ఫోను పెట్టేసింది.

శనివారం మధ్యాహ్నం చుట్టాలమని ఇద్దరు వచ్చారట. ముగ్గురు అమ్మాయిలు వాళ్ళతో వెళ్తామని సంతకం పెట్టారట. పెద్దవాళ్ళని కాగితం ఉంది కాబట్టి గేటు తీశారట. నన్ను గేటు దగ్గరినుంచి పంపేసిన గంటన్నరకే.

ఆ ఎనిమిదిమందిలో ఆరుగురికి గీతలు కనబడ్డాయి. చిన్నపిల్లల హోముకి మార్చారు. వాళ్ళెవరి మొహమూ నాకు గుర్తులేదు. మా ఆయన్ని మంగళవారం తీసుకెళ్ళారు, ఏడునెలలు లోపల ఉన్నాడు. వచ్చాక వాళ్ళ తమ్ముడి ఇంటికి పోయాడు, మా ఇంటి వీధిలోకి కూడా రాడు. నా లైసెన్సు పోయింది, కేసు ఇంకా నడుస్తూనే ఉంది. డాక్టరుగారు తన సంతకాలన్నీ నేనే దొంగతనంగా పెట్టానని రాసిచ్చారు. మెషిన్లో ఏమీ లేదు కాబట్టి ఆయన మాట నిలబడింది. సెంటరు నడుస్తోంది. పిన్ని వేరే ఊళ్ళో ఇంకో పేరుతో కనబడిందని ఒకరు చెప్పారు, కాదని ఒకరు చెప్పారు. ఆ ముగ్గురు అమ్మాయిల కోసం ఇన్‌స్పెక్టరు నాలుగుసార్లు ఆ నగరానికి వెళ్ళింది. ఐదోసారి వెళ్ళకముందే ఆవిణ్ణి బదిలీ చేశారు. ఇదంతా తర్వాతి సంగతి.

ఆ సోమవారం స్టేషను నుంచి ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మా ఆయన లేడు. మా అత్తగారు మేడమెట్ల మీద నీళ్ళు కొట్టి, చీపురు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని నన్ను దాటి వీధిలోకి చూసింది.

"పిల్లేది?"

"పంపించేశారు అత్తయ్యా. శనివారమే. ఎవరో వచ్చి తీసుకుపోయారు."

"ఎవరో వస్తే ఎలా పంపిస్తారే? చిన్నపిల్లని?"

"పెద్దదని పంపించారు."

ఆవిడకు కోపం ముంచుకొచ్చింది. చీపురు అందుకుని లేచి నిలబడింది, ఎవరిమీదికి వెళ్ళాలో తెలిస్తే వెళ్ళేలాగే ఉంది.

"దాన్ని చూస్తే తెలీదా? పెద్దదని చెప్పిందెవరు వాళ్ళకి?"

"నేను" అన్నాను.